లింకు నొక్కే ముందు దాని ఇంటిపేరు చదవండి

హన్మకొండలో మా నెట్ సెంటర్‌కు జూలై వచ్చిందంటే ఊపిరి సలపదు. ఒక పక్క ఇన్‌కం ట్యాక్స్ రిటర్నులు, ఇంకో పక్క కాలేజీ అడ్మిషన్లు, మధ్యలో జిరాక్సులు. అలాంటి ఒక సాయంత్రం ఒక రిటైర్డ్ టీచర్ వచ్చి ఫోన్ నా ముందు పెట్టారు. "తమ్మీ, రీఫండ్ మంజూరైందట. గీ బటన్ నొక్కితే అకౌంట్ల పడతయట. నొక్కాల్నా?"

నొక్కే ముందు అడిగారు, అదే పదివేలు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది నొక్కేశాకే వస్తారు.

మెయిల్ చూస్తే ఎవరైనా నమ్మేలాగే ఉంది. పైన మూడు సింహాల బొమ్మ, కింద సార్ పూర్తి పేరు, రీఫండ్ మొత్తం పైసలతో సహా. "24 గంటల్లో ధ్రువీకరించకపోతే రద్దవుతుంది" అని ఎర్ర అక్షరాలు. నేను ఆ బటన్ మీద వేలు పెట్టి కాసేపు అలాగే పట్టుకుంటే దాని వెనకున్న అసలు అడ్రస్ బయటపడింది. నోటితో చదివితే ఇలా ఉంటుంది:

ఇన్‌కంట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్ డాట్ రీఫండ్-స్టేటస్ డాట్ టాప్ స్లాష్ వెరిఫై

"గవ్ డాట్ ఇన్ అని ఉన్నది గదా, గవర్నమెంటుదే గదా?" అన్నారు సార్. ఎన్ని వేల మంది పిల్లలకు చదవడం నేర్పి ఉంటారో ఆయన! కానీ తప్పు ఆయనది కాదు. మనం ఎడమ నుంచి చదువుతాం. లింకు ఎవరిదో తెలిపే మాట కుడి వైపున ఉంటుంది. ఈ ఒక్క సంగతి పట్టుబడితే చాలు, మీకు వచ్చే దొంగ మెయిళ్లలో చాలావాటిని మీరే పట్టేస్తారు.

లింకులన్నీ ఇలా పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. మెయిల్‌లో అవి ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఇక్కడ నొక్కడానికి ఏమీ లేదు కాబట్టి టెన్షన్ లేకుండా చదవండి.

ముందు అడ్రస్‌ను బయటికి రప్పించండి

మెయిల్‌లో నీలం రంగులో, కింద గీతతో కనిపించే అక్షరాలు బస్సు బోర్డు లాంటివి. కరీంనగర్ బోర్డు పెట్టుకున్న బస్సు నర్సంపేట రోడ్డు పట్టిందనుకోండి, మీరు దిగేది నర్సంపేటలోనే కదా. మెయిల్ కూడా అంతే. పైకి "ఇన్‌కంట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్" అని నీటుగా రాసి, లోపల వేరే అడ్రస్ పెట్టొచ్చు. ఇందులో పెద్ద విద్యేమీ లేదు, మెయిల్ రాయడం వచ్చిన ఎవరైనా చేయగలరు. బటన్లు, ఫొటోలు, "ఇక్కడ నొక్కండి" అనే మాటలు, చివరికి మెయిల్ అడుగున ఉండే "అన్‌సబ్‌స్క్రైబ్" కూడా లింకులే.

కంప్యూటర్ ముందు ఉంటే మౌస్ బాణాన్ని లింకు మీదికి తీసుకెళ్లి, నొక్కకుండా ఆపండి. బ్రౌజర్ కింద ఎడమ మూలన సన్నటి పట్టీలో అసలు అడ్రస్ కనిపిస్తుంది. దాన్ని చాలామంది ఏళ్ల తరబడి చూస్తూనే ఉంటారు, చదవరు.

ఫోన్‌లో అయితే లింకు మీద వేలు పెట్టి రెండు సెకన్లు ఎత్తకుండా ఉంచండి. ఆండ్రాయిడ్ జీమెయిల్‌లో చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో అడ్రస్, దాన్ని కాపీ చేసుకునే వీలు ఉంటాయి. ఐఫోన్‌లో దానితోపాటే వచ్చే మెయిల్ యాప్ మాత్రం అడ్రస్‌తో ఆగకుండా ఆ పేజీనే చిన్నగా తెరిచి చూపించవచ్చు. ఆ ప్రివ్యూను దాచేసే ఎంపిక పైనే కనిపిస్తుంది, ఒకసారి ఎంచుకుంటే సరిపోతుంది. వేలు నిలకడగా ఉండదనుకునే పెద్దవాళ్లు ఈ పని కంప్యూటర్‌లో చేసుకోవడమే మేలు. లేదా ఇంట్లో పిల్లల చేతికి ఫోన్ ఇవ్వండి, తప్పేం లేదు.

అడ్రస్ పొడుగ్గా ఉండి సగమే కనిపిస్తే కాపీ చేసి నోట్స్ యాప్‌లో అతికించండి. బ్రౌజర్‌లో అతికించకండి, అక్కడ పొరపాటున ఎంటర్ తగిలితే నొక్కినట్టే.

ఇంటిపేరు ఎక్కడుంటుంది

ఇప్పుడు అడ్రస్ మీ కళ్లముందు ఉంది. మొదట్లో ఉండే హెచ్‌టీటీపీఎస్, కోలన్, రెండు స్లాష్‌లను వదిలేయండి. ఆ తర్వాత వచ్చే మొట్టమొదటి స్లాష్ ఎక్కడుందో వెతికి దాని మీద వేలు పెట్టండి. స్లాష్ లేకపోతే అడ్రస్ చివర పెట్టండి. వేలికి కుడి పక్కనున్నదంతా మర్చిపోండి. ఇప్పుడు వేలును వెనక్కి, అంటే ఎడమకు జరపండి.

మొదట తగిలే మాట ఊరు. కామ్, ఇన్, ఆర్గ్, టాప్, ఆన్‌లైన్, ఇలా. మన దేశంలో కొన్ని ఊళ్లకు రెండు మాటల పేర్లున్నాయి: గవ్ డాట్ ఇన్, కో డాట్ ఇన్, ఏసీ డాట్ ఇన్, బ్యాంక్ డాట్ ఇన్. ఊరు దాటి ఒక చుక్క ఎడమకు వెళ్తే వచ్చేది ఇంటిపేరు. ఇంకా ఎడమకు ఎన్ని మాటలున్నా అవన్నీ ఆ ఇంటివాళ్లు తమ పిల్లలకు పెట్టుకున్న పేర్లు. మనకు ఇంటిపేరు ముందొస్తుంది, లింకులో చివర వస్తుంది. తిరకాసంతా అక్కడే.

సార్‌కు వచ్చిన లింకును మళ్లీ చూడండి. మొదటి స్లాష్ "వెరిఫై" ముందు ఉంది. అక్కడి నుంచి వెనక్కి వస్తే "టాప్", అది ఊరు. దాని పక్కన "రీఫండ్-స్టేటస్", అది ఇంటిపేరు. ఎడమన దర్జాగా కూర్చున్న "ఇన్‌కంట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్" అంతా పిల్లల పేర్లే. ఎవరైనా తమ కొడుక్కి కలెక్టర్ అని పేరు పెట్టుకోవచ్చు, అడ్డు చెప్పేవాళ్లు లేరు. అంతమాత్రాన కలెక్టరేట్‌లో కుర్చీ వేసి కూర్చోబెట్టరు కదా.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చూడాలి. పీఎఫ్ డబ్బుల కోసం మా సెంటర్‌కు వచ్చేవాళ్లు ఒక అడ్రస్ చూసి భయపడుతుంటారు: యూనిఫైడ్‌పోర్టల్-మెమ్ డాట్ ఈపీఎఫ్‌ఇండియా డాట్ గవ్ డాట్ ఇన్. మధ్యలో అడ్డగీత, సగం విరిగిన మాట, చూస్తేనే దొంగ సరుకులా ఉంటుంది. వేలు పెట్టి వెనక్కి రండి. ఊరు గవ్ డాట్ ఇన్, ఇంటిపేరు ఈపీఎఫ్‌ఇండియా. నిఖార్సయిన ప్రభుత్వ అడ్రస్. వికారంగా ఉన్నదంతా దొంగది కాదు, ముద్దుగా ఉన్నదంతా అసలుదీ కాదు.

ఊరికి కూడా ఒక విలువ ఉంది. గవ్ డాట్ ఇన్ బజార్లో దొరకదు, ప్రభుత్వ శాఖలకే ఇస్తారు. ఏసీ డాట్ ఇన్ విద్యాసంస్థలకు. మన కాకతీయ యూనివర్సిటీ, నిట్ వరంగల్ రెండూ ఆ ఊరివే. అదే కామ్, ఇన్, టాప్, ఆన్‌లైన్ లాంటి వాటిలో కొన్ని వందల రూపాయలు పెడితే మీరూ నేనూ ఇప్పుడే ఇల్లు కొనుక్కోవచ్చు.

బ్యాంకుల విషయంలో ఈ మధ్య ఒక మంచి పని జరిగింది. బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31 లోగా తమ వెబ్‌సైట్లను బ్యాంక్ డాట్ ఇన్‌కు మార్చుకోవాలని ఆర్‌బీఐ 2025 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఆ పేర్లు ఇచ్చే అధికారం హైదరాబాద్‌లో ఆర్‌బీఐ పెట్టిన బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ ఐడీఆర్‌బీటీ ఒక్కదానికే ఉంది, అదీ బ్యాంకులకే ఇస్తుంది. అందుకే ఇప్పుడు ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్, హెచ్‌డీఎఫ్‌సీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అని కనిపిస్తున్నాయి.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది, కాస్త ఆగి చూడండి. "ఎస్‌బీఐ చుక్క బ్యాంక్ చుక్క ఇన్" అసలుది. "ఎస్‌బీఐ అడ్డగీత బ్యాంక్ చుక్క ఇన్" అంటే? ఊరు ఉత్త "ఇన్", ఇంటిపేరు "ఎస్‌బీఐ-బ్యాంక్". అలాంటి పేరు కొనాలంటే బ్యాంకు కానక్కర్లేదు. రెండు మాటల మధ్య ఏమీ లేకుండా కలిపి రాసినా అంతే. చుక్క అంటే గోడ, అడ్డగీత గోడ కాదు. ఈ తేడా నేను బల్ల మీద కాగితం పెట్టి గీసి చూపిస్తే తప్ప చాలామందికి ఎక్కదు. మీరు కూడా ఒకసారి కాగితం మీద రాసి చూసుకోండి.

స్లాష్ తర్వాత ఏం రాసినా లెక్కలోకి రాదు. "ఏదో-ఒకటి డాట్ ఆన్‌లైన్ స్లాష్ ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్" అని ఉంటే ఇల్లు ఆ "ఏదో-ఒకటి" వాడిదే, బ్యాంకు పేరు ఆ ఇంట్లో గోడకు తగిలించిన క్యాలెండర్. ఇంకో ఎత్తు ఉంది: మొదటి స్లాష్ కంటే ముందే, మధ్యలో మెయిల్ ఐడీల్లో వచ్చే ఎట్ గుర్తు. అలా ఉంటే దాని ఎడమనున్నదంతా బ్రౌజర్ దృష్టిలో యూజర్ పేరు మాత్రమే, అసలు ఇల్లు ఎట్ గుర్తుకు కుడి పక్కన ఉంటుంది. బ్యాంకులు, ఆఫీసులు మామూలు జనానికి ఇలాంటి లింకు పంపే అవసరమే రాదు. కనిపిస్తే ఇక ఆలోచించకుండా వదిలేయండి.

తెలంగాణవాళ్లకు మరో చిక్కు. 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చింది. కరెంటోళ్లు, ఆర్టీసీ, సర్వీస్ కమిషన్, అందరి పొట్టిపేర్లూ మారాయి. హన్మకొండలోనే హెడ్డాఫీసు ఉన్న మన కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్‌ను సగం మంది ఇంకా పాత పేరుతోనే పిలుస్తారు. అందుకని టీఎస్ అని ఉన్నా నమ్ముతాం, టీజీ అని ఉన్నా నమ్ముతాం. బిల్లు కట్టలేదు, రాత్రికి కరెంటు కట్ అని వస్తే లింకును చూస్తూ కూర్చోకండి, ఇంట్లో ఉన్న బిల్లు కాగితం తీసి సర్వీస్ నంబరుతో మీరు ఎప్పుడూ కట్టే యాప్‌లో చూసుకోండి.

అక్షరాల కనికట్టు

మన ద, ధ మధ్య ఒక్క చిన్న గీతే తేడా. తొందరలో చదివితే ఎవరికైనా తప్పుతుంది. ఇంగ్లిష్‌లోనూ అంతే. చిన్న ఆర్, చిన్న ఎన్ పక్కపక్కన పెడితే ఎం లాగే కనిపిస్తుంది. చిన్న ఎల్, పెద్ద ఐ, అంకె 1 ఒకే పుల్లలా నిలబడతాయి. ఓ స్థానంలో సున్నా దూరుతుంది.

దీనికి నేను వాడే కిటుకు చెబుతాను. నోట్స్‌లో అతికించిన అడ్రస్‌లోని ఇంటిపేరును పెద్ద అక్షరాల్లోకి మార్చండి. వర్డ్‌లో అయితే సులువుగా అవుతుంది. చిన్న అక్షరాల్లో కలిసిపోయిన ఆర్, ఎన్ పెద్దవి కాగానే విడిపోతాయి, ఎల్ తన అసలు వంకర చూపిస్తుంది. సున్నా సంగతి మాత్రం దీనితో తేలదు, దాన్ని కళ్లు చిట్లించి చూడాల్సిందే.

రష్యన్ లాంటి లిపుల్లో ఇంగ్లిష్ ఎ-కు కవలపిల్లల్లాంటి అక్షరాలున్నాయి. వాటిని కలిపి పేరు కొనేవాళ్లూ ఉన్నారు. అలాంటివి గమనించినప్పుడు బ్రౌజర్లు అడ్రస్‌ను ఎక్స్, ఎన్, రెండు అడ్డగీతలతో మొదలయ్యే పిచ్చి అక్షరాలుగా చూపిస్తాయి. అలా మొదలయ్యేవన్నీ దొంగవని కాదు, తెలుగు లిపిలో తీసుకున్న అడ్రసులు కూడా లోపల అలాగే ఉంటాయి. కానీ బ్యాంకు పేరుతో వచ్చిన మెయిల్‌లో ఆ రాత కనిపిస్తే దాన్ని అర్థం చేసుకునే ప్రయత్నం కూడా వద్దు.

బ్రౌజర్‌లో అడ్రస్ పక్కన కనిపించే తాళం బొమ్మ గురించి ఒక్క మాట. "తాళం ఉంది కదన్నా" అని ఇప్పటికీ అంటుంటారు. ఆ తాళానికి అర్థం మీకూ ఆ సైట్‌కూ మధ్య దారిలో ఎవరూ తొంగిచూడలేరని, అంతే. అవతల ఉన్నది మంచివాడని కాదు. దానికి కావాల్సిన సర్టిఫికెట్ ఉచితంగా దొరుకుతుంది. దొంగ మాత్రం తన ఇంటికి తాళం వేసుకోడా? జనం దాన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే గూగుల్ క్రోమ్ 2023లో ఆ బొమ్మనే తీసేసింది.

పంపిందెవరో చూడండి, కానీ అక్కడే ఆగకండి

మెయిల్ పైన కనిపించే పేరు పంపినవాడు తనకు తాను పెట్టుకున్నది. జీమెయిల్‌లో ఆ పేరు కింద ఉన్న చిన్న బాణాన్ని నొక్కితే అసలు ఐడీ కనిపిస్తుంది. ఎట్ గుర్తు తర్వాత ఉన్న భాగానికి మనం నేర్చుకున్న ఇంటిపేరు లెక్కే వర్తిస్తుంది. సార్ మెయిల్ "ఇన్‌కం ట్యాక్స్ డిపార్ట్‌మెంట్" అని వచ్చింది, లోపల చూస్తే చివర జీమెయిల్ డాట్ కామ్. రీఫండ్ ఇచ్చే డిపార్ట్‌మెంట్‌కు సొంత అడ్రస్ లేక జీమెయిల్‌లో ఖాతా తెరుచుకుంటుందా?

ఐడీ సరిగ్గా ఉన్నంత మాత్రాన లింకు మంచిదని కూడా కాదు. మీ స్నేహితుడి ఖాతా దొంగ చేతిలో పడితే, మెయిల్ నిజంగా స్నేహితుడి ఐడీ నుంచే వస్తుంది. అలాంటప్పుడు అతనికి ఫోన్ చేసి "ఏమన్నా పంపినవా" అని అడగడమే పరీక్ష.

ఇంటిపేరు దాచిన లింకులు

బిట్లీ, టైనీయూఆర్ఎల్ లాంటి పొట్టి లింకుల్లో అసలు అడ్రస్ కనిపించదు. బిట్లీ లింకు చివర కూడిక గుర్తు చేర్చి తెరిస్తే నేరుగా వెళ్లకుండా, అది ఎక్కడికి తీసుకెళ్తుందో చూపిస్తుంది. బ్యాంకు నుంచి, ప్రభుత్వం నుంచి అని వచ్చిన మెయిల్‌లో పొట్టి లింకు ఉంటే నేను ఆ శ్రమ కూడా పడను, తీసేస్తాను.

మెయిల్‌లో క్యూఆర్ కోడ్ వస్తే ఇంకా అనుమానించండి. కంప్యూటర్‌లో మెయిల్ చదువుతున్న మనిషికి నొక్కే లింకు ఇవ్వకుండా ఫోన్ తీసి స్కాన్ చేయమనడం ఎందుకు? మెయిల్‌ను వడకట్టే ఏర్పాట్లు బొమ్మలో దాగిన లింకును దాటేయవచ్చని, చిన్న స్క్రీన్‌లో అడ్రస్ సరిగ్గా చదవలేరని. స్కాన్ చేయక తప్పకపోతే కెమెరా ముందు అడ్రస్ చూపిస్తుంది, అక్కడ ఆగి ఇంటిపేరు చదవండి.

గూగుల్ ఫారాలు వేరే రకం. వాటి ఇంటిపేరు నిజంగానే గూగుల్. ఇల్లు గూగుల్‌దే, అద్దెకున్నవాడు ఎవడో. ఫారంలో పాస్‌వర్డ్, కార్డు నంబరు, ఓటీపీ అడిగితే ఇంటి ఓనరు మంచివాడని చూసి ఇచ్చేయకండి.

వైరస్‌టోటల్ అనే సైట్‌లో లింకును అతికిస్తే పదుల కొద్దీ భద్రతా సంస్థల అభిప్రాయం ఒకేచోట చూపిస్తుంది. ఒకటి రెండు చోట్ల ఎరుపు కనిపించినా వదిలేయండి. అన్నీ పచ్చగా ఉంటే మాత్రం సంబరపడకండి, ఈ ఉదయం పుట్టిన దొంగ సైట్ ఇంకా ఎవరి జాబితాలోకీ ఎక్కి ఉండదు. మీ పేరు మీద వచ్చిన పాస్‌వర్డ్ మార్పు లింకుల్లాంటివి అక్కడ పెట్టకండి, ఇతరులూ చూసే వీలుంది.

జోడించిన ఫైలు చివర ఏపీకే అని ఉంటే అది యాప్. పెళ్లి కార్డు అని ఉన్నా, చలాన్ అని ఉన్నా తెరవకండి.

ఇదంతా తెలిసిన నేను ఎలా పడ్డాను

బతుకమ్మ రోజులు. షాపులో రద్దీ, ప్రింటర్ టోనర్ అయిపోయింది, ఆన్‌లైన్‌లో కొత్తది ఆర్డర్ పెట్టి ఎదురుచూస్తున్నాను. "మీ పార్సెల్ అడ్రస్ సరిగా లేదు, మళ్లీ తేవడానికి 25 రూపాయలు కట్టండి" అని కొరియర్ పేరుతో మెయిల్. వాళ్లకు నా టోనర్ సంగతి తెలియదు, వేలమందికి పంపిన మెయిలే. కానీ నేను ఎదురుచూస్తున్నాను కాబట్టి నాకోసమే వచ్చిందనిపించింది. ఒక చేత్తో జిరాక్స్ తీస్తూ, ఇంకో చేత్తో కార్డు నంబర్ కొట్టేశాను. ఓటీపీ వచ్చింది. నాలుగు అంకెలు కొట్టాక ఎందుకో మెసేజ్ మొత్తం చదివాను. 25 రూపాయలకు కాదు, 18 వేల చిల్లరకు. కింద నేనెప్పుడూ వినని షాపు పేరు.

ఆపేశాను, కార్డు బ్లాక్ చేయించాను. ఓటీపీ మెసేజ్‌లో మనం అంకెలే చూస్తాం. ఎంత మొత్తం, ఎవరికి అన్నది కూడా చాలావరకు అందులోనే రాసి ఉంటుంది. అప్పటి నుంచి షాపులో రద్దీ ఉన్నప్పుడు నేను మెయిల్ తెరవడం మానేశాను.

లింకు లేకుండానే వెళ్లండి

ఇంత చదివించి ఇది చెబితే తిట్టుకుంటారేమో గానీ, నేను ఎక్కువగా చేసేది లింకును పరీక్షించడం కాదు, దాన్ని పక్కన పెట్టడం. రీఫండ్ నిజమైతే ఈ-ఫైలింగ్ సైట్‌లో మీరే లాగిన్ అయినా కనిపిస్తుంది. ఖాతాకు కేవైసీ నిజంగా అవసరమైతే బ్యాంకు యాప్‌లోనో, బ్రాంచిలోనో తెలుస్తుంది. అడ్రస్‌ను ఒకసారి జాగ్రత్తగా టైప్ చేసి బుక్‌మార్క్ పెట్టుకోండి, ఇక ఎప్పుడూ అక్కడి నుంచే వెళ్లండి. సార్‌కు అలాగే లాగిన్ చేసి చూపించాను. రీఫండ్ లేదు సరికదా, ఇంకో 340 రూపాయలు కట్టాల్సి ఉంది. "గది మాత్రం మెయిల్‌ల రాయలే" అన్నారు.

పాస్‌వర్డులను బ్రౌజర్‌లో దాచుకునేవాళ్లకు ఇంకో కాపలా ఉంది. అసలు సైట్‌లో అది తనంతట తానే నింపుతుంది. దొంగ సైట్‌లో ఇంటిపేరు కలవదు కాబట్టి నింపదు. రోజూ నిండే గడి ఈరోజు ఖాళీగా ఉంటే చేత్తో కొట్టకండి, పైన అడ్రస్ చూడండి.

గల్ఫ్ నౌకరీ మెయిళ్లు మన దగ్గర ఎక్కువ. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ వైపు ఏ ఊళ్లో చూసినా దుబాయో, మస్కటో పోయినవాళ్లుంటారు. వీసా రెడీ, ఈ లింకులో ఫీజు కట్టండి అని కంపెనీ ముద్రతో ఆఫర్ లెటర్ వస్తుంది. లింకు సంగతి తర్వాత, ముందు ఈమైగ్రేట్ డాట్ గవ్ డాట్ ఇన్‌లోకి వెళ్లి ఆ ఏజెంటు రిజిస్టర్ అయ్యాడో లేదో చూడండి. ప్రభుత్వం దగ్గర నమోదైన ఏజెంట్ల జాబితా అక్కడుంటుంది.

అమెరికాకు పిల్లల్ని పంపేవాళ్లకు మాత్రం ఇంటిపేరు సూత్రం ఒకచోట తడబడుతుంది. స్టూడెంట్ వీసా కోసం కట్టే సెవిస్ ఫీజు సైట్ ఎఫ్‌ఎంజేఫీ డాట్ కామ్. గవ్ లేదు, గొప్ప పేరు లేదు, అయినా అసలుదే. ఇలాంటి వాటిని మెయిల్‌లో వచ్చిన లింకుతో కాకుండా, అమెరికా ప్రభుత్వ సైట్ ఐస్ డాట్ గవ్‌లో సెవిస్ పేజీ తెరిచి అక్కడి నుంచి చేరుకోండి. అసలు ఇంటి వాకిలి నుంచి వెళ్తే పేరు వింతగా ఉన్నా భయం లేదు.

నొక్కేశారా?

పేజీ తెరిచి, ఏమీ కొట్టకుండా, ఏమీ డౌన్‌లోడ్ చేయకుండా మూసేస్తే చాలావరకు గండం గడిచినట్టే. గుండె దడ తగ్గించుకుని మిగతాది చూడండి.

పాస్‌వర్డ్ కొట్టి ఉంటే అసలు సైట్‌కు మీరుగా వెళ్లి వెంటనే మార్చండి. అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడ వాడారో అక్కడ కూడా. జీమెయిల్ అయితే తెలియని ఫోన్లు, కంప్యూటర్లన్నిటి నుంచి ఖాతాను సైన్ అవుట్ చేయండి. రికవరీ ఫోన్ నంబర్ మీదేనా, మీ మెయిళ్లు వేరేవాళ్లకు వెళ్లేలా ఫార్వర్డింగ్ ఏమైనా పెట్టారా అన్నది సెట్టింగ్స్‌లో చూడండి. పాస్‌వర్డ్ మార్చి ఊరుకుంటే ఈ ఫార్వర్డింగ్ అలాగే మిగిలిపోతుంది.

డబ్బు పోతే మొదటి ఫోన్ 1930కి. సైబర్ మోసాల జాతీయ హెల్ప్‌లైన్ అది. ఎంత త్వరగా చెబితే డబ్బు ఇంకో ఖాతాకు జారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. "ఇంట్లో తెలిస్తే తిడతరు" అని రెండ్రోజులు దాచుకుని వచ్చినవాళ్లను చూశాను. ఆ రెండ్రోజుల్లో డబ్బు ఎన్ని చేతులు మారుతుందో! తర్వాత బ్యాంకుకు చెప్పండి. నంబరు గూగుల్‌లో వెతక్కండి, అక్కడా దొంగ కస్టమర్ కేర్ నంబర్లుంటాయి. కార్డు వెనక, పాస్‌బుక్ మీద ఉన్నదే చేయండి. రాతపూర్వక ఫిర్యాదు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఇవ్వండి. మెయిల్‌ను కోపంతో డిలీట్ చేయకండి, అదే సాక్ష్యం.

ఆర్‌బీఐ 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం మీ తప్పు, బ్యాంకు తప్పు లేకుండా బయటివాళ్ల వల్ల డబ్బు పోతే, బ్యాంకు మెసేజ్ అందిన 3 పని దినాల్లోగా చెబితే మీ మీద భారం పడదు. మీరే ఓటీపీ, పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే, బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మీ ఖాతాలోనే, చెప్పాక పోయేది బ్యాంకు ఖాతాలో. అందుకే ఫిర్యాదు చేసిన సమయం, నంబరు రాసి పెట్టుకోండి.

ఏమీ పోకపోయినా మెయిల్‌ను ఊరికే వదలకండి. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, మెయిల్ పక్కన ఉన్న మూడు చుక్కల్లో ఫిషింగ్ (ఎర వేసే దొంగ మెయిల్) అని రిపోర్ట్ చేసే ఎంపిక ఉంటుంది. సార్ మెయిల్‌కు అదే చేయబోతుంటే ఆయన ఆపారు. ముందు ప్రింట్ తీయమన్నారు, పెన్షనర్ల మీటింగ్‌లో చూపిస్తారట. తీసిచ్చాను. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, కింద చేత్తో లింకు మొత్తం రాయించుకుని, "రీఫండ్-స్టేటస్ డాట్ టాప్" చుట్టూ సున్నా చుట్టి, వద్దన్నా వినకుండా 5 రూపాయలు బల్ల మీద పెట్టి వెళ్లారు.